ఊక సైక్లోన్ కింద రోటరీ వాల్వు: పరకాల రోడ్డు మిల్లు పని డైరీ

ఫిబ్రవరి 3

పరకాల రోడ్డులో ఉన్న ఒక ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి ఫోన్ వస్తే పొద్దున్నే వెళ్లాను. గంటకు 4 టన్నుల వడ్లు ఆడే మిల్లు. ఊకను గాలితో లాగి సైక్లోన్‌లోకి, అంటే గాలినీ ఊకనూ విడదీసే గరాటు లాంటి డ్రమ్ములోకి పంపుతారు. సైక్లోన్ కింద బాయిలర్‌కు ఊక నిల్వ చేసే బంకర్ ఉంది. కొన్నాళ్లుగా ఊక కింద పడాల్సింది పోయి సైక్లోన్ పై గొట్టం నుంచి బయటికి ఎగురుతోంది. పక్కనే మిర్చి తోట. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద ఊక పడుతోందని ఆ రైతు వచ్చి గట్టిగానే అడిగి పోయాడట. అడగడం న్యాయమే, ఎర్రటి మిర్చి మీద ఊక పడితే మార్కెట్లో ధర కోస్తారు.

ఫ్యాన్ చాలడం లేదని ఎవరో చెబితే మిల్లు సేటు ఇంకా పెద్ద మోటారు పెట్టించాడు. దాంతో ఊక ఎగరడం మరింత పెరిగింది. ఇప్పుడు సైక్లోనే మార్చాలని కొటేషన్ తెప్పించుకున్నాడు.

"సైక్లోన్ మార్చాలంటున్నరు. నువ్వేమంటవ్ తమ్మీ?" అన్నాడు.

నేను పైకి ఎక్కలేదు. సైక్లోన్ మూతి కింద, తిరుగుతూ ఊకను దించే రోటరీ వాల్వు దగ్గరికి వెళ్లాను. రోటర్ ఆపించి, దాని స్విచ్చుకు తాళం వేయించి, ఫ్యాన్ మాత్రం నడిపించమన్నాను. అగరబత్తి పొగతో చూద్దామా అని బాయిలర్ ఆపరేటరన్న అడిగాడు. ఊక దుమ్ము ఉన్న చోట నిప్పు వద్దన్నాను. పాలిథిన్ కవర్‌లో సన్నటి రిబ్బన్ కోసి, పొడుగు కర్రకు కట్టి వాల్వు కింది నోటి దగ్గర పెట్టాం. రిబ్బన్ కిందికి వేలాడలేదు. నిలువునా పైకి లేచి వాల్వు లోపలికి పోయింది.

రోగం ఎక్కడుందో అక్కడే తెలిసిపోయింది. సైక్లోన్ బాగానే ఉంది, ఫ్యాన్ కూడా బాగానే ఉంది. కింద నుంచి గాలి లోపలికి వస్తోంది.

ఫిబ్రవరి 4

సేటుకు, ఆపరేటరన్నకు, నాతో పనిచేసే కుర్రాళ్లకు కలిపి చెప్పిందే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఈ వాల్వు గురించి మన మిల్లుల్లో ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. అది తిరుగుతోందా లేదా అన్నదొక్కటే చూస్తారు.

రోటరీ వాల్వులో గుండ్రటి బాడీ ఉంటుంది. పైన ఒక నోరు, కింద ఒక నోరు. మధ్యలో అడ్డంగా షాఫ్టు, దాని చుట్టూ రెక్కలు. ఇనుప పట్టా ఊడదీసిన బండి చక్రంలో ఆకులు మిగిలినట్టు కనిపిస్తుంది రోటర్. రెండు రెక్కల మధ్య ఖాళీయే ఒక గది. గది పై నోటి కిందికి వచ్చినప్పుడు సరుకు అందులో పడుతుంది. రోటర్ తిరిగి ఆ గది కింది నోటికి చేరగానే సరుకు జారిపోతుంది. ఖాళీ గది రెండో పక్కనుంచి మళ్లీ పైకి వస్తుంది. సరుకు వరకు ఇంతే.

అసలు కష్టం గాలితో. ఈ వాల్వు ఒకేసారి రెండు పనులు చేయాలి, ఒకదానికొకటి పడని పనులు: సరుకును ఆపకుండా దించాలి, గాలిని మాత్రం దాటనివ్వకూడదు. సరుకు దిగాలంటే దారి తెరిచి ఉండాలి, గాలి ఆగాలంటే మూసి ఉండాలి. రెక్కల అంచుకు, బాడీ గోడకు మధ్య ఉన్న సన్నని గ్యాప్ మీదే ఈ రెండూ ఆధారపడి ఉంటాయి. రెక్క గోడను తాకితే అరిగిపోతుంది, దూరమైతే గాలి దూరుతుంది. కొత్త వాల్వుల్లో ఈ గ్యాప్ మామూలుగా 0.1 నుంచి 0.25 మి.మీ. దాకా ఉంచుతారు.

గాలి దూరితే ఏమవుతుందో తెలియాలంటే సైక్లోన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఊకతో కలిసిన గాలి పక్కనుంచి వచ్చి గోడ వెంట సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. ఊక గోడకు కొట్టుకుని, జారి, కింద కొన దగ్గర చేరుతుంది. గాలి సరిగ్గా ఆ కొన దగ్గరే వెనక్కి తిరిగి, మధ్యలోంచి పైకి లేచి, పై గొట్టం గుండా ఫ్యాన్ వైపు పోతుంది. అంటే ఊక పోగయ్యే చోటు, గాలి పైకి మళ్లే చోటు ఒక్కటే. అక్కడ కింద నుంచి కొంచెం గాలి వచ్చినా, అప్పటికే విడిపోయిన ఊకను లేపి పైకి పోయే సుడిలో కలిపేస్తుంది. మొత్తం గాలితో పోల్చితే ఆ లీకు చిన్నదే కావచ్చు, కానీ అది వచ్చే చోటు మాత్రం పూర్తిగా తప్పు చోటు.

పెద్ద మోటారు పెడితే ఎందుకు ఎక్కువైందో కూడా దీంతోనే తెలుస్తుంది. ఫ్యాన్ గట్టిగా లాగితే సైక్లోన్ లోపల ప్రెషర్ ఇంకా తగ్గుతుంది. కింద సందు అలాగే ఉంటుంది కాబట్టి దాంట్లోంచి వచ్చే గాలి పెరుగుతుంది.

ఫిబ్రవరి 6

పాత వాల్వు విప్పాం. 300 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు, ఆరు రెక్కలు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి స్టీలు ఆకులు) పెట్టి చూస్తే రెక్క కొసకు, గోడకు మధ్య 1.5 మి.మీ. ఉంది. రెండు చివర్ల ప్లేట్ల మీద గుండ్రంగా గీతలు పడి ఉన్నాయి, వేలితో రాస్తే గరుకు తగులుతోంది.

ఊక చేతికి తేలిగ్గానే ఉంటుంది కానీ ఇనుమును బాగా తింటుంది. కాల్చితే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. రోజంతా ఇసుక కాగితం రాసినట్టే పని.

పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబును యూ ఆకారంలో వంచి, అందులో రంగు నీళ్లు పోసి, ఒక కొసను సైక్లోన్ కొన దగ్గర చిన్న బెజ్జంలో పెట్టాం. లోపలి లాగుడు ఎంతో చూపే నీటి మట్టాల తేడా 150 మి.మీ. వచ్చింది. ఆ తేడాకు గాలి సందులోంచి సెకనుకు 50 మీటర్లకు దగ్గరగా దూసుకురాగలదు. ఊక పొట్టును గాలిలో నిలబెట్టడానికి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగం చాలు.

సందు విస్తీర్ణం లెక్క వేశాను. రెక్క పొడవు 300 మి.మీ., గ్యాప్ 1.5 మి.మీ., రెండు పక్కలు. మొత్తం 900 చదరపు మి.మీ. అంటే సైక్లోన్ కొన దగ్గర 34 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రం పెట్టి వదిలేసినట్టే. చివరి ప్లేట్ల దగ్గర పోయేది దీనికి అదనం. గ్యాప్ 0.15కు తెస్తే అది 90 చదరపు మి.మీ.కు, అంటే 11 మి.మీ. కన్నా కాస్త చిన్న రంధ్రానికి సమానమవుతుంది. సేటుకు గాలి లెక్కలు చెప్పలేదు. ఒక అట్ట మీద ఈ రెండు రంధ్రాలు కోసి పక్కపక్కన చూపించాను. సైక్లోన్ కొటేషన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొత్త వాల్వు మన షెడ్డులోనే చేయాలని ఖాయమైంది. యాసంగి వడ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. అప్పటికి బిగించి నడిపి చూపించాలి.

ఫిబ్రవరి 9

ఈరోజంతా రెక్కలు ఎన్ని ఉండాలన్న దాని మీదే పోయింది. ఈ లెక్క నాకు చాలా ఇష్టం, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాత వాల్వులో పై నోరు 250 మి.మీ. వెడల్పు. 300 వ్యాసం మీద 250 కోస్తే పైన 113 డిగ్రీలు, కింద 113 డిగ్రీలు తెరిచి ఉంటుంది. రెండు పక్కల గోడ మిగిలేది 67 డిగ్రీల చొప్పున మాత్రమే. ఆరు రెక్కలంటే రెక్కకు రెక్కకు 60 డిగ్రీలు. ఆ 67 డిగ్రీల గోడ దగ్గర చాలాసేపు ఒక్క రెక్కే కాపలా ఉంటుంది. అదీ అరిగిపోతే ఇక ఆపేదేమీ లేదు.

కొత్తదానికి ఎనిమిది రెక్కలు పెడుతున్నాను, మధ్య దూరం 45 డిగ్రీలు. నోరు 90 డిగ్రీలకు మించకుండా కోస్తే రెండు పక్కలా 90 డిగ్రీల చొప్పున గోడ మిగులుతుంది. అప్పుడు రోటర్ ఎక్కడ ఉన్నా సరే, ప్రతి పక్కా రెండు రెక్కలు గోడకు ఆనుకుని ఉంటాయి. గాలి ఒక గ్యాప్ దాటినా ఇంకో గ్యాప్ దాటాలి. 90 డిగ్రీలంటే నోటి వెడల్పు 212 మి.మీ. అవుతుంది.

నోరు చిన్నదైతే ఊక దిగుతుందా అని మా పెద్ద మేస్త్రి అడిగాడు. అడగాల్సిన మాటే. వడ్లలో ఊక ఐదో వంతు అనుకుంటే గంటకు 800 కిలోలు. వదులుగా పడే ఊక ఘనపు మీటరుకు 110 కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి గంటకు ఏడుంపావు ఘనపు మీటర్లు దిగాలి. రోటర్ లోపలి ఖాళీ షాఫ్టు, రెక్కలు పోను చుట్టుకు 18 లీటర్లు. నిమిషానికి 20 చుట్లు తిప్పితే గదులన్నీ పూర్తిగా నిండినప్పుడు గంటకు 21.6 ఘనపు మీటర్లు దించగలదు. అంటే మనకు కావాల్సింది మూడో వంతే. గాలి ఆపడానికి పెట్టే వాల్వు ఇలాగే సగం ఖాళీగా తిరగాలి. పైన సరుకు నిలబడిపోయిందంటే సైక్లోన్ కొనలో ఊక పేరుకుని మొదటి సమస్యే మళ్లీ వస్తుంది.

ఆరు రెక్కలు చెడ్డవని కాదు. పెద్ద ముక్కలు, జిగట సరుకు ఉన్న చోట గది వెడల్పుగా ఉండాలి, అక్కడ ఆరే మేలు. రెక్కలు పెంచేకొద్దీ గది మూల ఇరుకై సరుకు అతుక్కుంటుంది. ఊక పొడిగా ఉంటుంది, అతుక్కోదు.

ఫిబ్రవరి 11

స్పీడు గురించి ఆపరేటరన్నతో చాలాసేపు మాట్లాడాను. ఊక సరిగ్గా దిగట్లేదని పాత వాల్వుకు చైన్ పళ్ల చక్రం మార్పించి 45 చుట్లకు పెంచారు. "జోరుగ తిప్పితే జోరుగ పడుతదని గట్ల చేసినం" అన్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కానీ గది నిండడానికి సమయం కావాలి. 45 చుట్ల దగ్గర ఒక గది పై నోటి కింద ఉండేది అర సెకను కూడా కాదు. ఊక తేలిక, మెల్లగా పడుతుంది. గదిలోకి దిగేలోపే రెక్క వచ్చి తోసేస్తుంది. కింద కూడా ఇంతే, గది ఖాళీ అయ్యేలోపే మళ్లీ పైకి పోతుంది. 20 చుట్లలో, 90 డిగ్రీల నోటి కింద ముప్పావు సెకను దొరుకుతుంది. ఒక హద్దు దాటాక స్పీడు పెంచితే దిగే సరుకు పెరగదు, తగ్గుతుంది కూడా.

ఇంకో సంగతి ఉంది. ఖాళీ గది పైకి వచ్చేటప్పుడు ఒట్టిగా రాదు, బయటి గాలిని నింపుకుని వస్తుంది. గ్యాప్ ఎంత బాగా పెట్టినా దీన్ని ఆపలేం, ఈ వాల్వు తయారీలోనే ఉన్న లీకు ఇది. 45 చుట్లకు నిమిషానికి 810 లీటర్లు, 20 చుట్లకు 360 లీటర్లు. మెల్లగా తిప్పడమొక్కటే దీనికి మందు.

మోటారు 1 హెచ్‌పీ, నిమిషానికి 1440 చుట్లు. స్పీడు తగ్గించే 40కి 1 వార్మ్ గేర్ బాక్సు పెడితే 36. గేర్ బాక్సు మీద 15 పళ్లు, రోటర్ మీద 27 పళ్ల స్ప్రాకెట్ (చైన్ చక్రం) వేస్తే సరిగ్గా 20. పెద్ద స్ప్రాకెట్‌కు షియర్ పిన్ పెడుతున్నాను. ఏదైనా ఇరుక్కుంటే పిన్ తెగాలి, రోటర్ వంగకూడదు.

ఫిబ్రవరి 16

బాడీ పని మొదలైంది. 16 మి.మీ. ప్లేటును రోల్ చేసి, నోళ్లు కోసి, ఫ్లాంజీలు (బోల్టులు బిగించే అంచు ప్లేట్లు) వెల్డింగ్ చేశాం. ఇక్కడ వరుస తప్పకూడదు. వెల్డింగ్ వేడికి బాడీ లాగుతుంది. ముందు బోరింగ్ చేసి, అంటే లోపలి గోడను లేత్ మీద గుండ్రంగా కోసి, తర్వాత ఫ్లాంజీలు అతికితే 0.15 గ్యాప్ కలలో మాటే. వెల్డింగ్ అంతా ముగిశాక, లోపల దాగిన లాగుడు పోయేలా ఫర్నేస్‌లో 600 డిగ్రీల పైన కాసేపు ఉంచి మెల్లగా చల్లార్చాలి. ఆ తర్వాతే బోరింగ్. బాడీని ఫర్నేస్ కోసం హైదరాబాద్ బాలానగర్ పంపించాం.

ఇలాంటి చిన్న మిల్లు వాల్వుకు ఇంత ఖర్చు ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. నా లెక్క వేరు. సేటు ఇప్పటికే అవసరం లేని మోటారు కొన్నాడు, దాని కరెంటు బిల్లు నెలనెలా కడుతున్నాడు. బాడీ గుండ్రంగా నిలవడానికి పెట్టే డబ్బు దాని ముందు పెద్దది కాదు.

ఫిబ్రవరి 21

బాడీ వచ్చేదాకా ఖాళీ దొరికింది. కుర్రాళ్లను తీసుకుని ఎనుమాముల మార్కెట్ వైపు ఉన్న ఒక జిన్నింగ్ మిల్లుకు వెళ్లాను. పత్తిని గాలితో లాగే చోట సెపరేటర్ కింద ఇదే సూత్రం మీద పనిచేసే చక్రం ఉంటుంది. అక్కడ రెక్కల కొసలకు ఇనుము ఉండదు, మందపాటి రబ్బరు పట్టీలు ఉంటాయి. పత్తి పోగు సన్నటి ఇనుప గ్యాప్‌లో ఇరుక్కుంటే రాపిడికి నిప్పు పుట్టే ప్రమాదముంది. రబ్బరు గోడను తాకుతూనే తిరుగుతుంది, అడ్డం వస్తే వంగుతుంది, అరిగితే పట్టీ మారుస్తారు.

మన ఉత్తర తెలంగాణలోనే ఈ వాల్వు ఎన్ని రూపాల్లో ఉందో వాళ్లకు దారి పొడవునా చెప్పాను. రామగుండం, చెల్పూరు లాంటి బొగ్గు కరెంటు కేంద్రాల్లో సన్నటి బూడిదను సైలోల్లో, అంటే ఎత్తయిన నిల్వ ట్యాంకుల్లో ఉంచుతారు. సైలో నుంచి లారీల్లోకి ఆ బూడిద కొలతగా దిగాలంటే రోటరీ ఫీడర్ కావాలి. అది లేకపోతే గాలి కలిసిన బూడిద నీళ్లలా ఒక్కసారిగా కారిపోతుంది. అక్కడ వాల్వుకు గాలి ఆపడం కన్నా సరుకు కొలవడమే ముఖ్యం. రోటర్ స్పీడు మార్చితే దిగే బూడిద మారుతుంది. బసంత్‌నగర్‌లో ఉన్నటువంటి సిమెంటు ఫ్యాక్టరీలో గ్రైండింగ్ మిల్లులోకి రాయి పోయే దారిలో ఇదే వాల్వు గాలిని అడ్డుకుంటుంది. అక్కడ దొంగ గాలి దూరితే ఫ్యాన్ కరెంటు పెరుగుతుంది, మిల్లులో రాయిని ఆరబెట్టాల్సిన వేడి గాలి చల్లబడుతుంది. తడి రాయి గదులకు అతుక్కోకుండా కొన్ని చోట్ల రోటర్ లోపలికి వేడి గాలి పంపుతారు.

కాగితం మిల్లుల్లో చెక్క ముక్కలను ఆవిరి ప్రెషర్‌తో ఉడికించే డైజెస్టర్‌లోకి పంపడానికి ఈ కుటుంబానికే చెందిన ఫీడర్లు ఉంటాయి. పాల పొడి, మందుల ఫ్యాక్టరీల్లో స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు, కడగడానికి రోటర్ మొత్తం పక్కకు జారి బయటికి వచ్చేలా పట్టాల మీద పెడతారు.

పిండి, పంచదార, బొగ్గు పొడి లాంటివి గాలిలో కలిసి నిప్పు తగిలితే పేలతాయి. అలాంటి చోట ఈ వాల్వు మంటకు కూడా అడ్డుగోడ కావాలి. అమెరికా అగ్ని భద్రతా సంస్థ పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 69 అనే ప్రమాణం ప్రకారం గ్యాప్ 0.2 మి.మీ. దాటకూడదు, రెండు పక్కలా రెండేసి రెక్కలు ఎప్పుడూ గోడ దగ్గర ఉండాలి. పేలుడు జరిగిన వెంటనే రోటర్ ఆగిపోవాలి, లేకపోతే నిప్పు కణికలను తనే అవతలికి మోసుకుపోతుంది. మన ఎనిమిది రెక్కల లెక్కే అక్కడ ప్రాణాలు కాపాడే లెక్క అవుతోంది. ఇది చెప్పినప్పుడు కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. నాకు తృప్తిగా అనిపించింది.

మార్చి 4

బోరింగ్ పూర్తయింది. లేత్ మేస్త్రికి చేతులెత్తి దండం పెట్టాలి. చివరి కోతలు చాలా పల్చగా తీసి, మధ్యలో చల్లారనిచ్చి మళ్లీ కొలిచి తీశాడు. 300.00 అడిగితే, ఎక్కడ కొలిచినా 300.02 లోపే ఉంది.

రోటర్‌ను రెండు చివర్లా గుండ్రటి డిస్కులు ఉన్న మూత రోటర్‌గా చేశాం. రెక్కలు రెండు డిస్కులకూ అతుక్కుని ఉంటాయి కాబట్టి వంగవు, ఊక చివరి ప్లేట్లను నేరుగా గీకదు. రెక్కల కొసలకు గట్టి స్టీలు పట్టీలు, పొడుగు బెజ్జాల్లో బోల్టులు. అరిగినప్పుడు బోల్టు వదులు చేసి పట్టీని బయటికి జరుపుకోవచ్చు. పాత వాల్వులో ఈ ఏర్పాటు లేదు, అందుకే అది అరిగి అరిగి అలాగే మిగిలిపోయింది.

షాఫ్టు 50 మి.మీ. ఈఎన్ 8 స్టీలు. బేరింగులు యూసీఎఫ్ 210 రకం. వాటిని బాడీకి నేరుగా బిగించకుండా మధ్యలో ఖాళీ వదిలి దూరంగా పెట్టాం. గ్లాండ్ (షాఫ్టు చుట్టూ ఉండే సీలు) దాటి దుమ్ము వచ్చినా ఆ ఖాళీలోంచి కింద పడిపోతుంది, బేరింగులోకి చేరదు.

మార్చి 9

ఫీలర్ గేజ్‌తో గ్యాప్ సెట్ చేయడం. రోటర్‌ను చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ప్రతి రెక్కకూ మూడు చోట్ల చూశాం: రెండు చివర్లు, మధ్య. 0.15 ఆకు దూరాలి, 0.20 ఆకు దూరకూడదు. ఒక పట్టీ బిగిస్తే పక్కది కదిలినట్టు అనిపిస్తుంది, మళ్లీ మొదటికి రావాలి. ఓపిక ఉన్నవాడే చేయాల్సిన పని. మా చిన్నోడికి పూర్తిగా అప్పగించాను, సాయంత్రానికి కొలతలన్నీ నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టి తెచ్చాడు. ఆ కాగితాన్ని వాల్వుతో పాటే మిల్లుకు ఇస్తాం. ఆరు నెలల తర్వాత ఎంత అరిగిందో తెలియాలంటే మొదటి కొలత ఉండాలి.

పై నోటి అంచు గురించి ఒక మాట. రెక్క నోటి అంచును దాటేటప్పుడు మధ్యలో ఉన్న ఊక నలుగుతుంది. అంచు రెక్కకు సమాంతరంగా ఉంటే మొత్తం పొడవునా ఒక్కసారే నలిగి రోటర్‌కు దెబ్బ తగులుతుంది. అందుకే అంచుకు కొంచెం ఏటవాలుగా ఒక ప్లేటు పెట్టాం. రెక్క ఒక మూల నుంచి మొదలై రెండో మూల దాకా క్రమంగా దాటుతుంది. చైన్ మీద ఆ టకటక ఉండదు.

మార్చి 14

మిల్లులో బిగించాం. సైక్లోన్ ఫ్లాంజికి, వాల్వుకు మధ్య రబ్బరు షీటు వేశాం. అక్కడ లీకుంటే ఇన్ని రోజుల పనీ వృథా. ముందు సరుకు లేకుండా ఒట్టిగా నడిపాం. శబ్దం సమంగా ఉంది, ఎక్కడా రాసుకోవడం లేదు.

తర్వాత రిబ్బన్ కర్ర తెప్పించాను. రోటర్ ఆపి, తాళం వేసి, ఫ్యాన్ నడిపించాం. రిబ్బన్ కింది నోటి దగ్గర కొంచెం ఊగింది కానీ పైకి లేవలేదు. ఆపరేటరన్న కర్ర నా చేతిలోంచి తీసుకుని తనే పెట్టి చూశాడు.

ఊక వదిలాం. పై గొట్టం దగ్గర మొదట పాత దుమ్ము కాసేపు వచ్చింది, గోడలకు అంటుకున్నది. తర్వాత సన్నటి దుమ్ము తప్ప ఊక రాలేదు. సైక్లోన్ ఎంత బాగున్నా మరీ సన్నటి దుమ్మును పట్టలేదు, దానికి బ్యాగ్ ఫిల్టర్ కావాలి. సేటుకు ఆ సంగతి ఇప్పుడే చెప్పేశాను.

ఫ్యాన్ డ్యాంపర్ (గాలిని తగ్గించే తలుపు) కొంత మూయించాను. పైపులో ఊక పేరుకోకుండా పోవడానికి సెకనుకు 18, 20 మీటర్ల గాలి చాలు, పెద్ద మోటారు దానికి మించి లాగుతోంది. ఆంపియర్లు తగ్గాయి. సేటు మీటరు ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

మార్చి 19

షియర్ పిన్ తెగిందని ఫోన్. వెళ్లి విప్పితే షాఫ్టు చుట్టూ నైలాన్ దారాలు. వడ్ల బస్తాలు కోసేటప్పుడు తెగిన కుట్టు దారాలు క్లీనర్ దాటి, వడ్ల ఊక తీసే షెల్లర్ దాటి ఊకతో వచ్చేస్తున్నాయి. పిన్ తన పని తాను చేసింది, రోటర్‌కు ఏమీ కాలేదు. బస్తాలు విప్పే గుంత మీద జల్లెడ చువ్వల మధ్య దూరం తగ్గించాం, దారాలు వేయడానికి హమాలీలకు ఒక డబ్బా పెట్టాం. ఇనుప ముక్కల కోసం పైపు దారిలో అయస్కాంతం కూడా వేశాం.

నేను వెళ్లేసరికి ఒక కుర్రాడు కింది నోట్లో చెయ్యి పెట్టి దారం లాగబోతున్నాడు. పిన్ తెగి రోటర్ ఆగి ఉంది కానీ మోటారు ఆపలేదు. గట్టిగా అరిచాను. నిమిషానికి 20 చుట్లంటే కళ్లకు చాలా మెల్లగా కనిపిస్తుంది, అందుకే భయం వేయదు. కానీ 0.15 గ్యాప్ ఉన్న స్టీలు రెక్క కత్తెరే. వేలుకు, ఊకకు దానికి తేడా తెలియదు. కింది నోటికి చెయ్యి చేరనంత పొడుగు చూట్ (సరుకు జారే గొట్టం) బిగించాం. తనిఖీ తలుపు తెరిస్తే మోటారు ఆగేలా లిమిట్ స్విచ్చు పెట్టాం. మెయిన్ స్విచ్చుకు తాళం, తాళం చెవి విప్పేవాడి జేబులోనే ఉండాలి. ఈ మూడూ లేకుండా ఇకమీదట నా షెడ్డు నుంచి ఏ వాల్వూ బయటికి పోదు.

ఏప్రిల్ 2

పని చూసి సేటు బాయిలర్ వెనక బూడిద సైక్లోన్‌కు కూడా ఇలాంటిదే అడుగుతున్నాడు. ఇదే డ్రాయింగుతో చేసేయమంటున్నాడు. కుదరదు. అక్కడ బూడిద వేడిగా వస్తుంది. రోటర్ మధ్యలో ఉంటుంది కాబట్టి తొందరగా వేడెక్కుతుంది. బాడీకి బయట గాలి తగులుతుంది కాబట్టి ఆలస్యంగా వేడెక్కుతుంది. ఇనుము డిగ్రీకి, మీటరుకు 0.012 మి.మీ. పెరుగుతుంది. రోటర్‌కు, బాడీకి 50 డిగ్రీల తేడా వస్తే 300 మి.మీ. వ్యాసం మీద 0.18 మి.మీ. పెరుగుదల, అంటే ఒక్కో పక్క 0.09. మన 0.15లో సగం పైన పోతుంది. తేడా 90 డిగ్రీలకు చేరితే రోటర్ పట్టేస్తుంది. అక్కడ చల్లగా ఉన్నప్పుడు 0.35 దాకా గ్యాప్ ఇవ్వాలి, కొంత లీకును ఒప్పుకోవాలి. రబ్బరు పట్టీల ఊసే వద్దు. లీకు మరీ ఇబ్బందైతే ఒకదాని కింద ఒకటి రెండు ఫ్లాప్ తలుపులుండే వాల్వు మేలని చెప్పాను. అది వేడిని, బూడిద గీకుడును బాగా ఓర్చుకుంటుంది.

ఏప్రిల్ 17

యాసంగి వడ్లు దిగుతున్నాయి, మిల్లు రెండు షిఫ్టులు నడుస్తోంది. గ్యాప్ మళ్లీ కొలిచాం. చాలా రెక్కల దగ్గర 0.20 ఆకు ఇంకా దూరడం లేదు, రెండు చోట్ల బిగుతుగా దూరుతోంది. పట్టీలు జరపాల్సిన పని ఇప్పుడే లేదు. మిర్చి రైతు కల్లం ఎత్తేశాడు, వచ్చే పంటకు పట్టాలు కప్పక్కర్లేదని ఆపరేటరన్నతో అన్నాడట.

ఇప్పుడు తవుడు లైను గురించి మాట్లాడుకుంటున్నాం. తవుడును బ్లోయర్‌తో నెట్టి గోదాముకు పంపాలని సేటు ఆలోచన. అది లాగే లైను కాదు, నెట్టే లైను. వాల్వు కింద ప్రెషర్ 0.5 బార్ ఉంటే ఖాళీ గదులు బిగిసిన గాలిని నింపుకుని పైకి వస్తాయి. 18 లీటర్ల గదులు పైకి తెరుచుకోగానే ఆ గాలి 27 లీటర్లుగా విచ్చుకుంటుంది, చుట్టు చుట్టుకూ. అది దిగే తవుడుకు ఎదురు వచ్చి గదులను నిండనివ్వదు. గది పై నోటికి చేరేలోపే పక్క గోడలోంచి ఆ గాలిని బయటికి తీసే వెంట్ పైపు పెట్టి, దాన్ని చిన్న ఫిల్టర్‌కు కలపాలి. తవుడులో నూనె ఉంటుంది, గది మూలల్లో పట్టుకుంటుంది. అందుకే మూలలు గుండ్రంగా చేసి, ఎనిమిది బదులు ఆరు రెక్కలు పెట్టి, గోడ సరిపడా మిగిలేలా నోరు ఇంకా తగ్గించాలని అనుకుంటున్నాను. ఆరు రెక్కలకు ప్రతి పక్కా 120 డిగ్రీల గోడ కావాలి, నోటికి 60 డిగ్రీలే మిగులుతాయి. 300 వ్యాసానికి అది 150 మి.మీ. వెడల్పు. తవుడు అంత ఇరుకులో వంతెన కట్టకుండా, అంటే నోటికి అడ్డంగా గడ్డకట్టి నిలవకుండా దిగుతుందో లేదో తెలియడానికి ముందు ప్లైవుడ్‌తో నోటి నమూనా చేసి, ఒక బస్తా తవుడు పోసి చూస్తాం. సోమవారం ప్లైవుడ్ కోయిస్తున్నాను.